కప్పు కొలత గ్రాముల్లోకి మారేటప్పుడు

ఒక కప్పు మైదా ఎన్ని గ్రాములు అన్న ప్రశ్నకు ఒకే జవాబు దొరకదు. బేకింగ్ చేసేవారు వాడే పట్టికల్లో ఒకటి 120 గ్రాములంటుంది, మరొకటి 125 అంటుంది, ఇంకొకటి 142 అంటుంది. కప్పును నేరుగా పిండి డబ్బాలోకి దింపి నింపుకునేవారి చేతిలో అది 150 గ్రాములు దాటడమూ ఉంది. వీటిలో తప్పు అంకె అంటూ ఏదీ లేదు. ప్రతి అంకె వెనకా ఒక కప్పు, ఒక రకం పిండి, ఆ పిండిని కప్పులోకి నింపిన ఒక పద్ధతి ఉన్నాయి. పట్టికకు ఎక్కేసరికి ఆ మూడూ జారిపోయి అంకె ఒక్కటే మిగలడం వల్లనే, లెక్క సరిగ్గా వేసినా వంటకం కుదరని పరిస్థితి వస్తుంది. అందువల్ల ఘనపరిమాణంలో ఇచ్చిన కొలతను బరువులోకి మార్చడమంటే, వంటకం రాసినవారి కప్పులో నిజంగా ఎంత పదార్థం పడిందో వెనక్కి వెళ్లి తెలుసుకోవడమే. కొన్ని పదార్థాలకు ఇది క్షణంలో తేలిపోతుంది, కొన్నింటికి ఎంత జాగ్రత్త పడినా అంచనాగానే మిగులుతుంది. ఏది ఏ కోవకు చెందుతుందో తెలిస్తే శ్రమ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

లెక్క పైకి చాలా చిన్నది. ఘనపరిమాణాన్ని సాంద్రతతో గుణిస్తే బరువు వస్తుంది. సాంద్రత అంటే ఒక మిల్లీలీటరు చోటులో ఎన్ని గ్రాముల పదార్థం పడుతుందన్నది. నీటి విషయంలో ఆ గుణకారం కూడా అక్కర్లేదు, ఎందుకంటే నీటికి మిల్లీలీటరూ గ్రామూ సమానంగా వచ్చేలాగే మెట్రిక్ కొలతలను రూపొందించారు. 1795 ఏప్రిల్ 7న ఫ్రాన్స్‌లో వచ్చిన చట్టం, మంచు కరిగే ఉష్ణోగ్రతలో ఒక ఘన సెంటీమీటరు స్వచ్ఛమైన నీరు తూగే బరువును గ్రాముగా నిర్వచించింది. 1901 నుంచి 1964 దాకా లీటరు నిర్వచనం కూడా ఒక కిలో నీరు ఆక్రమించే చోటు మీదే ఆధారపడింది. ఇప్పటి నిర్వచనాలకు నీటితో సంబంధం లేకపోయినా వంటింటి అవసరాలకు ఆ సమానత్వం చెక్కుచెదరలేదు: 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర మిల్లీలీటరు నీరు 0.998 గ్రాములు తూగుతుంది, మరిగే నీరు సుమారు 0.96 గ్రాములు. నీటితో ఏర్పడిన ఈ అలవాటు మిగతా పదార్థాలకూ పాకినప్పుడే చిక్కు మొదలవుతుంది. కొలజాడీలో 250 మిల్లీలీటర్ల గీత దాకా తేనె పోస్తే సుమారు 355 గ్రాములు తూగుతుంది. అదే గీత దాకా మైదా పోస్తే 130 గ్రాముల దగ్గర ఆగిపోవచ్చు. గీతను గ్రాములుగా చదువుకున్న వారి గిన్నెలో తేనె నూరు గ్రాములకు పైగా ఎక్కువా, మైదా అంతకు మించి తక్కువా పడతాయి.

ద్రవాల సంగతి సులభం. పాల సాంద్రత సుమారు 1.03, వంటనూనెలది 0.92, తేనెది 1.42. అమెరికా కొలతలోని కప్పుకు, అంటే దాదాపు 237 మిల్లీలీటర్లకు, పాలు 244 గ్రాములు, నూనె 218 గ్రాములు, తేనె సుమారు 340 గ్రాములు అవుతాయి. ద్రవం పాత్ర ఆకారాన్ని పూర్తిగా నింపుతుంది, మధ్యలో సందులు వదలదు, నొక్కినా కుదించుకోదు. కాబట్టి ఎవరు పోసినా అంకె ఒకటే. ఉష్ణోగ్రత ప్రభావం ఉన్నా అది స్వల్పం. నూనె పది డిగ్రీలు వేడెక్కితే దాని ఘనపరిమాణం ఒక శాతం కూడా పెరగదు. ద్రవాల్లో కొలత తప్పేది వేరే చోట: తేనె, బెల్లం పాకం వంటి చిక్కటి పదార్థాలు చెంచాకూ కప్పుకూ అంటుకుపోయి, కొలిచినంతా గిన్నెలోకి రావు. గిన్నెను కాటా మీద పెట్టి నేరుగా అందులోకే పోసుకుంటే ఆ నష్టం ఉండదు. బరువు పద్ధతి వల్ల కలిగే లాభాల్లో ఇది చిన్నదే కానీ, గిన్నెలు కడిగేవారు వెంటనే గుర్తించేది ఇదే.

ద్రవాల ప్రస్తావన ముగించే ముందు ఔన్సు గురించి చెప్పుకోక తప్పదు. ఔన్సు పేరుతో రెండు వేర్వేరు కొలతలు చలామణీలో ఉన్నాయి. ఒకటి బరువు, 28.35 గ్రాములు. రెండోది ద్రవ ఔన్సు, అది చోటు కొలత, అమెరికాలో 29.57 మిల్లీలీటర్లు, బ్రిటన్ పాత కొలతలో 28.41 మిల్లీలీటర్లు. నీటికి ఈ రెండూ ఇంచుమించు కలిసిపోవడం వల్ల తేడా ఎవరికీ పట్టదు. మైదా దగ్గరికి వచ్చేసరికి 8 ఔన్సుల బరువు 227 గ్రాములు కాగా, 8 ద్రవ ఔన్సులు పట్టే కప్పులో ఉండేది 125 గ్రాముల ప్రాంతం. ఎనిమిది ఔన్సులంటే ఒక కప్పు అని బట్టీ పట్టినవారు పిండిని దాదాపు రెట్టింపు చేసుకునే ప్రమాదం ఇక్కడ పొంచి ఉంది.

తరువాత తేల్చుకోవలసింది, ఆ కప్పు ఏ దేశపు కప్పు అన్నది. అమెరికాలో వాడుక కప్పు 236.6 మిల్లీలీటర్లు, అక్కడే ఆహార ప్యాకెట్ల మీద పోషక విలువలు ముద్రించేందుకు నిబంధనలు నిర్ణయించిన కప్పు 240 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాల్లో మెట్రిక్ కప్పు 250 మిల్లీలీటర్లు. జపాన్‌లో వంట కప్పు 200 మిల్లీలీటర్లు కాగా, బియ్యం కొలిచే కప్పు 180 మిల్లీలీటర్లు. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పు ఇదే, అందులో పట్టే బియ్యం సుమారు 150 గ్రాములు. టేబుల్ స్పూను చాలా దేశాల్లో 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో మాత్రం 20. టీ స్పూను అన్నిచోట్లా దాదాపు 5 మిల్లీలీటర్లే. 237కూ 250కీ మధ్య తేడా ఆరు శాతం లోపే కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదనే వాదన ఒకటి ఉంది. వంటకంలో ప్రతి పదార్థమూ కప్పుల్లోనే ఉంటే ఆ వాదన చెల్లుతుంది, ఎందుకంటే అన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. అయితే కోడిగుడ్లు కప్పుతో పాటు పెరగవు, ఈస్ట్ ప్యాకెట్టు పెరగదు, కేకు పాత్ర అసలే పెరగదు. పైగా గుడ్డు కూడా స్థిరమైన కొలత కాదు. అమెరికాలో పెద్ద గుడ్డుగా అమ్మేది పెంకుతో కలిపి సగటున 57 గ్రాములకు తగ్గకూడదు, ఐరోపా సమాఖ్యలో మధ్యరకం గుడ్డు 53 నుంచి 63 గ్రాముల మధ్య ఉంటుంది. పెంకు తీశాక పెద్ద గుడ్డుకు 50 గ్రాములని వేసుకోవడం సర్వసాధారణం, అది చాలినంత నమ్మకమైన అంకె కూడా.

అసలు విషయం పొడి పదార్థాలతో మొదలవుతుంది. కప్పు నిండా చక్కెర పోసినప్పుడు కప్పు నిండినట్టే కనిపిస్తుంది కానీ లోపల దాదాపు సగం గాలే. ఈ సంగతి చిన్న లెక్కతో తేలుతుంది. చక్కెర స్ఫటికం సాంద్రత మిల్లీలీటరుకు సుమారు 1.59 గ్రాములు. కప్పుకు పట్టే చక్కెర 200 గ్రాములు, అంటే అందులో ఘనపదార్థం ఆక్రమించిన చోటు 126 మిల్లీలీటర్లే. 237లో ఇది 53 శాతం. మేజాబల్ల మీద వాడే మెత్తటి ఉప్పుకు కప్పు బరువు 292 గ్రాములు, స్ఫటికం సాంద్రత 2.17; అక్కడా నిండిన చోటు 57 శాతమే. కప్పు ఉప్పు కప్పు చక్కెర కంటే అంత బరువుగా ఉండటానికి ప్రధాన కారణం స్ఫటికం బరువే, కూర్పు రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. ఒకే పరిమాణంలోని గోళాలను ఎంత ఒద్దికగా పేర్చినా చోటులో 74 శాతానికి మించి నింపలేమని 1611లో కెప్లర్ ఊహించాడు. 1998లో థామస్ హేల్స్ దానికి నిరూపణ ప్రకటించాడు. పేర్చకుండా గుమ్మరిస్తే ఎంత కుదిపినా అది 64 శాతం దగ్గర ఆగిపోతుంది. ఈ వాటా గోళం పెద్దదా చిన్నదా అన్నదాని మీద ఆధారపడదు. సన్న చక్కెరకూ కొంచెం లావు చక్కెరకూ కప్పు బరువులో పెద్ద తేడా కనిపించకపోవడానికి కారణమిదే. అందుకే మామూలు చక్కెరకు 200 గ్రాములన్న అంకె దాదాపు అన్ని పట్టికల్లోనూ రెండు మూడు గ్రాముల తేడాతో ఒకేలా కనిపిస్తుంది. దాన్ని ధైర్యంగా వాడుకోవచ్చు.

రేణువు పరిమాణం కంటే ఆకారం ఎక్కువ ప్రభావం చూపుతుంది, దీనికి ఉప్పును మించిన ఉదాహరణ లేదు. మెత్తటి ఉప్పు రేణువులు చిన్న ఘనాలు, అవి ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. అమెరికాలో విరివిగా వాడే, రేణువులు పెద్దగా ఉండే కోషర్ ఉప్పుల్లో మోర్టన్ అనే బ్రాండు రకం స్ఫటికాలను రోలర్ల మధ్య నలిపి రేకులుగా చేస్తారు; డైమండ్ క్రిస్టల్ రకం బోలుగా ఉండే పిరమిడ్ ఆకారపు పెళుసు రేకులుగా ఏర్పడుతుంది. టీ స్పూనుకు మెత్తటి ఉప్పు 6 గ్రాములు, మోర్టన్ సుమారు 5 గ్రాములు, డైమండ్ క్రిస్టల్ సుమారు 3 గ్రాములు. మూడూ సోడియం క్లోరైడే, గ్రాముకు గ్రాము ఉప్పదనం సమానమే. అయినా వంటకంలో రెండు టీ స్పూన్లని మాత్రమే రాసి ఉంటే, అది 6 గ్రాములో 12 గ్రాములో చదివేవారికి తెలియదు. పిండి కొలత పాతిక శాతం తప్పితే రొట్టె కాస్త గట్టిపడుతుంది, అయినా తినవచ్చు. ఉప్పు రెట్టింపైతే వంటకం మొత్తం పారబోయవలసిందే. మార్పిడి పట్టికలు మైదాకు అరడజను పద్ధతులు వివరించి ఉప్పుకు ఒకే వరస కేటాయించడం, ఈ దృష్టితో చూస్తే, శ్రద్ధ పెట్టవలసిన చోటును పక్కన పెట్టడమే.

పిండి దగ్గర చిక్కు మరో రకంగా ఉంటుంది. చక్కెర రేణువు తన బరువుతో తాను దొర్లి సర్దుకోగలిగినంత పెద్దది. మైదా రేణువు చాలా చిన్నది. ఆ స్థాయిలో ఒక రేణువును మరొకదానికి అతికించి ఉంచే ఆకర్షణ దాని బరువు కంటే బలంగా పనిచేస్తుంది. అందువల్ల రేణువులు కిందికి జారకుండా ఒకదానికొకటి అంటిపెట్టుకుని, మధ్యలో సొరంగాల్లాంటి ఖాళీలతో నిలబడిపోతాయి. పొడులు గాలి ప్రవాహంలో ఎలా ప్రవర్తిస్తాయన్నదాన్ని బట్టి డెరెక్ గెల్డార్ట్ 1973లో వాటిని నాలుగు వర్గాలుగా విభజించినప్పుడు, అతుక్కునే స్వభావం గల సి వర్గానికి మైదా లాంటి పిండులే ఉదాహరణలయ్యాయి. ఇలాంటి పొడిలో ఖాళీ ఎంతన్నది స్థిరమైన సంఖ్య కాదు, ఆ పొడికి అంతకుముందు ఏం జరిగిందన్నదాన్ని బట్టి మారుతుంది. జల్లెడ పట్టి ఉంటే గాలి చేరి ఉబ్బుతుంది, బస్తాలో అడుగున ఉంటే నలిగి కుదించుకుంటుంది, కప్పును బల్ల మీద నాలుగుసార్లు తడితే మట్టం కళ్లముందే దిగిపోతుంది. కుదిపిన తరువాతి సాంద్రతను కుదపకముందు సాంద్రతతో భాగించి చూడటం పొడులతో పనిచేసే పరిశ్రమల్లో నిత్యం జరిగేదే. దీన్ని హౌస్నర్ నిష్పత్తి అంటారు, అది 1.25 దాటితే ఆ పొడి సాఫీగా జారదని లెక్క. వంటింటి భాషలో చెప్పాలంటే, ఒకే పిండి ఒకే కప్పులో పాతిక శాతం అటూ ఇటూ కావడం ఆ పదార్థం స్వభావంలోనే ఉంది. కొలిచేవారి అశ్రద్ధ దానికి తోడవుతుందంతే.

ఇది వంటకాన్ని ఎలా మారుస్తుందో ఒక రొట్టె పిండిలో చూడవచ్చు. మూడు కప్పుల మైదాకు ఒక కప్పు నీరు అని రాసి ఉందనుకుంటే, నీరు 237 గ్రాములు, అందులో వివాదం లేదు. రాసినవారు పిండిని చెంచాతో వదులుగా కప్పులోకి వేసి, అంచుకు సమంగా చాకుతో గీరేవారైతే కప్పుకు 120 గ్రాములు, మొత్తం 360 గ్రాములు. పిండి బరువులో నీరు 66 శాతం. చదివినవారు కప్పును డబ్బాలోకి గుచ్చి నింపేవారైతే కప్పుకు 150, మొత్తం 450 గ్రాములు. నీరు 53 శాతానికి పడిపోతుంది. మొదటిది చేతికి మెత్తగా తగిలే, కొద్దిగా అంటుకునే ముద్ద. రెండోది పిసకడానికే బలం కావలసిన గట్టి ముద్ద. అందులో ఈస్ట్ అదే పరిమాణంలో ఉన్నా పొంగడానికి ఎక్కువ సమయం పడుతుంది, రొట్టె లోపల గదులు చిన్నవిగా, బిగువుగా వస్తాయి. ఇద్దరూ వంటకాన్ని అక్షరం తప్పకుండా పాటించినవారే. ఇలాంటి సందర్భాల్లో తప్పును వాతావరణంలోని తేమ మీదకు నెట్టడం పరిపాటి. తేమకు పాత్ర లేకపోలేదు. మైదాలో మామూలుగా 12 నుంచి 14 శాతం నీరు ఉంటుంది, అది మూడు శాతం మారితే 500 గ్రాముల పిండిలో 15 గ్రాముల నీరు అటూ ఇటూ అవుతుంది. కానీ కప్పును నింపే తీరు మూడు కప్పుల్లోనే 90 గ్రాముల పిండి తేడా తెచ్చినప్పుడు, ముందుగా అనుమానించవలసింది ఏదో వివరించి చెప్పనక్కర్లేదు.

కప్పు కొలతలు అమెరికాలో ఇంతగా పాతుకుపోవడానికి ఫ్యానీ ఫార్మర్ కృషి ముఖ్య కారణం. బోస్టన్ వంట పాఠశాలకు చెందిన ఆమె 1896లో వెలువరించిన వంట పుస్తకంలో, చెంచాలూ కప్పులూ అంచుకు సమంగా గీరి కొలవాలని పట్టుబట్టింది. వెన్న గుడ్డంత, ఉప్పు చిటికెడంత అని రాసే రోజుల్లో అది నిజంగానే పెద్ద ముందడుగు. సమంగా గీరడం వల్ల కప్పు పైన ఉండే పొడి కుప్ప తొలగింది, కప్పు లోపలి గాలి మాత్రం ఎవరి చేతిలో ఎంత ఉంటుందో అలాగే ఉండిపోయింది.

పిండి కంటే మొండి పదార్థాలు కొన్ని ఉన్నాయి. బ్రౌన్ షుగర్‌ను అదిమి నింపితే కప్పుకు 220 గ్రాములు, వదులుగా పోస్తే 145 గ్రాములు. అందుకే దాని పక్కన అదిమి నింపాలని ప్రత్యేకంగా రాస్తారు. చక్కెర పొడి జల్లించకపోతే 120 గ్రాములు, జల్లిస్తే 100 గ్రాములు. బాదం పప్పు గింజలుగా ఉంటే 143 గ్రాములు, సన్నని పలుకులుగా చీలిస్తే 108, పొడి చేస్తే 95. ఇక్కడ వంటకంలోని వాక్యాన్ని జాగ్రత్తగా చదవాలి. జల్లించిన పిండి ఒక కప్పు అని ఉంటే జల్లించాక కొలవాలి; పిండి ఒక కప్పు తీసుకుని జల్లించాలి అని ఉంటే కొలిచాక జల్లించాలి. పని క్రమం మారితే బరువు మారుతుంది. వెన్నకు ఇలాంటి బెడద లేదు, అది ముద్దగా ఉంటుంది కాబట్టి కప్పుకు 227 గ్రాములన్నది ఖాయం; అమెరికాలో అమ్మే ఒక స్టిక్ అందులో సగం, అంటే 113 గ్రాములు. తరిగిన ఆకుకూరలు, తురిమిన జున్ను వంటివాటికి పట్టిక అంకెలు దాదాపు నిరుపయోగం. వంటకం రాసినవారే బరువు ఇస్తే సరి, లేకపోతే వాటిని కప్పుతోనే కొలుచుకోవడం మేలు. అదృష్టవశాత్తూ ఇలాంటి పదార్థాలు కొంత ఎక్కువైనా తక్కువైనా వంటకం పాడవదు.

మార్పిడి చేయడానికి కూర్చున్నప్పుడు మొదట వెతకవలసింది వంటకం రాసినవారు తమ కప్పుకు ఎన్ని గ్రాములు లెక్క కడతారన్నది. పిండి తయారీ సంస్థలూ, వంట పత్రికలూ తరచుగా తమ పట్టికను తామే ప్రకటిస్తాయి; ఆ వంటకానికి ఆ పట్టికే ప్రమాణం, వేరేవారి పట్టిక ఎంత శాస్త్రీయమైనదైనా సరే. అది దొరకనప్పుడు పదార్థపు ప్యాకెట్టు మీది పోషక విలువల పట్టిక పనికొస్తుంది. అమెరికా మార్కెట్టుకు తయారయ్యే ప్యాకెట్ల మీద ఒక వడ్డన పరిమాణం కప్పుల్లోనూ గ్రాముల్లోనూ పక్కపక్కనే ఉంటుంది. పావు కప్పు 30 గ్రాములని ఉంటే కప్పు 120 గ్రాములన్నమాట. గ్రాములను పూర్ణాంకంగా సవరిస్తారు కాబట్టి అసలు విలువ 118 నుంచి 122 మధ్య ఉండవచ్చు. కప్పు ఏదో తేల్చుకోవడానికి కాటా ఒక్కటి చాలు. ఖాళీ కప్పును కాటా మీద పెట్టి, టేర్ బటన్ నొక్కి సున్నాకు తెచ్చి, అంచు దాకా నీరు పోస్తే, కాటా చూపే గ్రాములే ఆ కప్పు మిల్లీలీటర్లు. 237 ప్రాంతం వస్తే అది అమెరికా వాడుక కప్పు, 250 వస్తే మెట్రిక్ కప్పు. అంచు దగ్గర నీరు ఉబ్బెత్తుగా నిలబడితే నాలుగైదు గ్రాములు ఎక్కువ చూపుతుంది కాబట్టి ఉపరితలం చదునుగా ఉన్నప్పుడే చదవాలి. చెంచాలను ఇలా పరీక్షిస్తే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. అలంకారంగా తయారైన చెంచాల సెట్లలో టేబుల్ స్పూను 15 మిల్లీలీటర్లకు చాలా దూరంగా ఉండటం అరుదేమీ కాదు.

అంకెలన్నీ వచ్చాక వాటిని పిండి బరువుతో పోల్చి చూడటం, మార్పిడి పట్టికలేవీ చెప్పని, అయినా అన్నింటికంటే నమ్మదగిన పరీక్ష. బేకరీల్లో పిండిని నూరు శాతంగా తీసుకుని మిగతా పదార్థాలను దాని శాతంగా రాస్తారు. మామూలు రొట్టెలో నీరు 60 నుంచి 70 శాతం, ఉప్పు 2 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. 500 గ్రాముల పిండికి ఒక టేబుల్ స్పూను ఉప్పు అని రాసి ఉన్నప్పుడు, మెత్తటి ఉప్పు లెక్కన 18 గ్రాములు వేస్తే 3.6 శాతం అవుతుంది. ఏ రొట్టెకూ అంత ఉప్పు వేయరు. తేలికపాటి రేకుల ఉప్పు లెక్కన 9 గ్రాములైతే 1.8 శాతం, అది సహజమైన అంకె. వంటకం రాసినవారు ఏ ఉప్పు వాడారో ఎక్కడా చెప్పకపోయినా ఈ నిష్పత్తే బయటపెడుతుంది. నీరు 53 శాతం వచ్చి, ముద్ద మెత్తగా అంటుకుంటుందని వంటకంలో రాసి ఉంటే, పిండికి ఎక్కువ గ్రాములు వేసుకున్నామని అదే విధంగా గ్రహించవచ్చు. ఒక్కో పదార్థాన్ని విడిగా మార్చినప్పుడు దాగిపోయే తప్పులు, పదార్థాలను పక్కపక్కన పెట్టినప్పుడు దాగలేవు.

కాటాకూ హద్దులున్నాయి. వంటింటి డిజిటల్ కాటాలో ఒక లోహపు పట్టీ బరువుకు వంగుతుంది, ఆ వంపు వల్ల దానికి అంటించిన తీగల విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పునే గ్రాములుగా చూపుతుంది. ఒక గ్రాము మెట్టుతో చూపే కాటా మీద 2 అని కనిపిస్తే అసలు బరువు 1.5 నుంచి 2.5 దాకా ఏదైనా కావచ్చు. 500 గ్రాముల పిండికి ఇది లెక్కలోకి రాదు. ఈస్ట్‌కూ, వంట సోడాకూ మాత్రం పావు వంతు తేడా. చాలా కాటాలు సున్నా దగ్గర కనిపించే చిన్న కదలికలను తామే సరిదిద్దుకుంటాయి, అందువల్ల చిటికెడు చిటికెడుగా వేస్తూ పోతే కొంత లెక్కకు రాకుండా పోతుంది. విడిగా చిన్న గిన్నెలోకి తీసుకుని గిన్నెను ఒక్కసారిగా కాటా మీద పెట్టడం దీనికి విరుగుడు. ఇన్‌స్టంట్ ఈస్ట్ టీ స్పూనుకు సుమారు 3 గ్రాములు, పావు టీ స్పూను ఒక గ్రాముకు లోపే. పదో వంతు గ్రాము చూపే చిన్న కాటా లేనప్పుడు ఇంత చిన్న మోతాదులను సమంగా గీరిన చెంచాతో కొలవడమే ఎక్కువ కచ్చితం. నీటిలో కరిగే పదార్థమైతే ఇంకో మార్గం ఉంది: 10 గ్రాముల పదార్థాన్ని 90 గ్రాముల నీటిలో కలిపి, ఆ ద్రావణంలో 10 గ్రాములు తీసుకుంటే అందులో ఒక గ్రాము పదార్థం ఉంటుంది, ఆ 9 గ్రాముల నీటిని వంటకంలోని నీటి నుంచి తగ్గించుకుంటే సరిపోతుంది.

చివరికి వచ్చిన అంకెలను ఎంత సూక్ష్మంగా రాయాలన్నది కూడా ఆలోచించవలసినదే. మార్పిడి సాధనాలు రెండు ముప్పావు కప్పుల మైదాను 343.75 గ్రాములని చూపుతాయి. కప్పుకు 125 అన్న మూలాంకెలోనే పదిహేను ఇరవై గ్రాముల అనిశ్చితి ఉన్నప్పుడు దశాంశ బిందువు తరువాతి అంకెలకు అర్థం లేదు, అవి లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు నమ్మిస్తాయి. పిండిని 345 అనో 340 అనో సవరించడం, నూనె, చక్కెరలను దగ్గరి గ్రాముకో ఐదు గ్రాములకో సవరించడం, ఉప్పు, ఈస్ట్‌లను మాత్రం సగం గ్రాము దాకా రాసుకోవడం సబబు. మొదటిసారి చేసినప్పుడు ముద్ద గట్టిగా అనిపించి మరో 20 గ్రాముల నీరు పోయవలసి వస్తే, ఆ 20 గ్రాములు కాగితం మీదకు ఎక్కాలి, అప్పుడే రెండోసారికి వంటకం స్థిరపడుతుంది. గ్రాములు రాసుకున్నాక కూడా మూలంలోని కప్పుల కొలతను కొట్టివేయకుండా, కప్పు పక్కన మిల్లీలీటర్లను, ఉప్పు పక్కన దాని రకాన్ని, పిండి పక్కన కప్పుకు ఎన్ని గ్రాములు లెక్క కట్టారన్నదాన్ని నమోదు చేసి ఉంచాలి. ఎప్పుడైనా ఒక అంకె మీద అనుమానం వస్తే తిరిగి లెక్క కట్టడానికి ఆ మూడే ఆధారం.